పెరుగన్నం తినకుండా లేచినవాడు

ముందే చెప్పేస్తున్నానండీ, ఇది మా తమ్ముడి పెళ్లిని నేను దగ్గరుండి చెడగొట్టబోయిన కథ. జాతకాల దగ్గర కాదు, లాంఛనాల దగ్గర కాదు, పెరుగన్నం దగ్గర. అప్పుడే నవ్వకండి. ముందు ముందు చాలా ఉంది, నవ్వంతా ఇక్కడే అయిపోగొట్టుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు.

మాది పెంటపాడు దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు వరిచేలు, ఇంటి వెనక వరిచేలు. పొద్దున్న ఆవకాయతో చద్దన్నం, మధ్యాహ్నం వేడన్నం, రాత్రికి మళ్లీ అన్నం. మా ఇంట్లో ఇడ్లీ అంటే అన్నం ఉడికేలోగా కాలక్షేపానికి తినేది. అలా పెరిగిన నేను, నలభై ఇంకా నిండకుండానే ఓరోజు చేలో కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. మా ఆవిడ వరలక్ష్మి నన్ను తాడేపల్లిగూడెం తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించింది. ఆయన రిపోర్టు చూశారు, నా పొట్ట చూశారు, మళ్లీ రిపోర్టు చూశారు.

"షుగరు మొదలైందండీ. కంగారు పడక్కర్లేదు. అన్నం సగానికి తగ్గించండి, కూరలు పెంచండి, రోజూ నడవండి. ఒక్కసారిగా ఏదీ మానెయ్యొద్దు. జన్మంతా చెయ్యగలిగిన మార్పే చేసుకోండి" అన్నారు.

ఎంత చక్కటి మాటండీ! ఆ మాట విని ఉంటే కథ ఇక్కడే కంచికి వెళ్లిపోయేది, మీరూ మీ పనులు చూసుకునేవారు. కానీ అప్పట్లో నా బుర్ర వేరు. సగం అనే మాట వింటేనే నాకు చిన్నతనంగా ఉండేది.

"సగం ఏంటండీ డాక్టరు గారూ! ఇవాళ్టి నుంచి మెతుకు ముట్టను" అన్నాను.

"వద్దండీ, అంత పంతం పనికి రాదు. ఎక్కువ రోజులు నిలబడలేరు."

"ఆయ్, మీరే చూస్తారుగా!"

డాక్టరు గారు మా ఆవిడ వంక జాలిగా చూశారు. మా ఆవిడ ఆయన వంక అంతకంటే జాలిగా చూసింది.

ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అన్నం మానేస్తే మరేం తింటావురా?"

"కొర్రలు, సామలు, అరికెలు."

"పిచికలకి వేసే గింజలా?"

"అమ్మా, వాటిని సిరిధాన్యాలంటారు."

"మరి గాదె నిండా ఉన్నదేంట్రా, దరిద్రధాన్యమా?" అని చేట అక్కడే వదిలేసి దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి "తల్లీ, వీడి మాటలు పట్టించుకోకు, వచ్చే పంట వచ్చినట్టు రానియ్యి" అని వినబడింది.

నేను తినడం మానేసి ఊరుకుంటే బాగుండేది. ఊరందరి చేతా మాన్పించాలని బయల్దేరాను. పొద్దున్నే చొక్కా జేబులో ఒక కీరదోసకాయ పెట్టుకుని టీకొట్టు దగ్గరికి వెళ్లేవాణ్ణి. అందరూ గారెలు తింటుంటే నేను కీరా కొరుకుతూ అన్నం ఎంత ప్రమాదమో ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. "అన్నం కాదండీ, విషమండీ, తెల్ల విషం!" అనేవాణ్ణి.

ఓరోజు ఓ పెద్దాయన గారె నములుతూ, "సత్యం గారూ, మొన్న మీరు మిల్లుకి తోలించిన ట్రాక్టరు లోడు కూడా విషమేనాండీ?" అని అడిగారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కీరా పట్టుకుని ఇంటికొచ్చేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తమ్ముడు శ్రీనుకి సంబంధం కుదరబోతోంది. వాడు ఏలూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్ల పేరు భవాని, వాళ్లది ఆకివీడు. నాన్నగారు రాంబాబు గారికి చేపల చెరువులున్నాయి. పెదపాడులో ఉండే మా మావయ్యే ఈ సంబంధం తెచ్చాడు. పిల్లా పిల్లాడూ ఒకరికొకరు నచ్చేశారు. నచ్చడం అంటే ఎంతలా అంటే, మావాడు ఫోను చూసి నవ్వుతూ నడిచి గుమ్మానికి గుద్దుకోవడం మామూలైపోయింది. వాడు అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న పోయాక వాణ్ణి పెంచింది నేనే కాబట్టి నాకూ ఎంతో ఆనందంగా ఉండేది. ఇక ఆకివీడు వాళ్లింట్లో ఆదివారం భోంచేసి, తాంబూలాలకి రోజు అనుకుని రావడమే మిగిలింది.

బయల్దేరే ముందు అమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఒరేయ్, అక్కడ షుగరు సంగతి ఎత్తావంటే ఊరుకోను. తండ్రికి ఉండేది, అన్నకొచ్చింది, రేపు శ్రీనుకీ వస్తుందంటారు. పిల్లనివ్వడానికి జంకుతారు."

"సరేనమ్మా, ఎత్తను."

వెనకాలే మా ఆవిడ వచ్చింది. "ఏవండీ, చెప్పకూడదంటే తినాలి. తినకూడదంటే చెప్పాలి. రెండూ కాదంటే ఎలాగండీ? ఒక్క ముద్ద తినేసి లేవండి."

"నన్ను మాట తప్పమంటావా?"

"డాక్టరు గారు మిమ్మల్ని మాటిమ్మని అడిగారా?"

అలవాటుగా చొక్కా జేబులో కీరా పెట్టుకుని వెళ్లి కారులో కూర్చున్నాను. దారి పొడుగునా శ్రీను నా వంకే చూస్తున్నాడు. ఉండి ఊరు దాటాక ఇక ఉండబట్టలేక చేతులు పట్టుకున్నాడు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. అక్కడేం పెడితే అది తిను."

"ఒరేయ్, నీ పెళ్లి కోసం ప్రాణమైనా ఇస్తానురా!"

"ప్రాణం వద్దన్నయ్యా, అన్నం తిను చాలు."

ఆకివీడు వాళ్లిల్లు పెద్దది, మర్యాద అంతకంటే పెద్దది. సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, కొబ్బరినీళ్లిచ్చారు, ఫ్యాను నావైపు తిప్పారు. భోజనాలకి లేవగానే రాంబాబు గారు నా పక్కన కూర్చున్నారు. ఎదురుగా పిల్ల నాయనమ్మ గారు కుర్చీ వేసుకుని ఎవరి విస్తట్లో ఏం తగ్గిందో చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో రాంబాబు గారి భార్య సుశీల గారు గరిటె పట్టుకుని నిలబడ్డారు. వడ్డన మొదలైంది. కొరమేను ఇగురు, రొయ్యల వేపుడు, చేపల పులుసు, గుత్తివంకాయ. నా వ్రతంలో వీటికి అభ్యంతరం లేదు కాబట్టి అన్నం రాకముందే కూరలన్నీ చక్కబెట్టడం మొదలుపెట్టాను.

అంతలో అన్నం వచ్చింది. పొగలు కక్కుతూ, మల్లెపువ్వులా ఉంది.

"మీ పెంటపాడు బియ్యమేనండీ. మీరొస్తున్నారని ప్రత్యేకంగా తెప్పించాను" అన్నారు రాంబాబు గారు మురిసిపోతూ.

"వద్దండీ" అని విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను.

మీకు తెలుసో లేదో, మా గోదావరి జిల్లాల్లో వద్దండీ అంటే ఎవరికీ వినబడదు. మొహమాటపడుతున్నాడు, ఇంకాస్త ఎక్కువ పెట్టాలి అనుకుంటారు. అన్నం వడ్డించే హస్తం నిండా తెచ్చి నా చేతుల మీదే వేశారు. చురుక్కుమని చేతులు లాక్కున్నాను. అన్నం విస్తట్లో పడింది, నేను దాన్ని మెల్లిగా పక్కకి నెట్టేశాను. నాయనమ్మ గారు అది చూడనే చూశారు.

"ఏం నాయనా, అన్నం పక్కకి నెట్టేశావు?"

"ఇవాళ ఉపవాసమండీ" అన్నాను. గబుక్కున నోటికొచ్చింది అదే.

ఆవిడ నా చేతిలో ఉన్న కొరమేను ముక్క వంక చూశారు. "ఏ దేవుడికి నాయనా?"

"ఆదివారం కదండీ... సూర్యభగవానుడికండీ."

"సూర్యభగవానుడికి చేపలు పనికొస్తాయా?"

"మా వైపు పనికొస్తాయండీ."

పక్కనే కూర్చున్న మా శ్రీను కళ్లు మూసుకున్నాడు. మా అమ్మ పొలమారినట్టు దగ్గింది.

రాంబాబు గారు మంచివారు. నన్ను నవ్వులపాలు చెయ్యకుండా, "పోనీలెండి, ఉపవాసమైతే బూరెలు తినండి" అని బూరెల పళ్లెం తెప్పించారు. తీపి కూడా నాకు నిషేధమే కదా! "తీపి పడదండీ" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "మొదట నేను తింటాను, తర్వాత మీరు తినాలి" అని నన్ను ఒప్పించడానికి ఆయనే ఒక బూరె తిన్నారు. నేను వద్దన్నాను. ఆయన ఇంకోటి తిన్నారు. నేను మళ్లీ వద్దన్నాను. ప్రతి బూరెకీ ముందు ఆయన వంటింటి గుమ్మం వైపు భయం భయంగా చూస్తున్నారు. అక్కడ సుశీల గారు గరిటె బిగించి పట్టుకుని ఉరిమి చూస్తున్నారు. ఆ చూపు నాకే అనుకుని నేను తల దించుకున్నాను.

ఆఖరికి పెరుగొచ్చింది. గేదెపాల పెరుగండీ. గరిటెతో కోస్తే ముక్కలా తెగి వచ్చింది. పక్కనే మాగాయ. నిజం చెప్పొద్దూ, నాకు నోట్లో నీళ్లూరాయి. కొర్ర ఉప్మా తిని తిని చచ్చిపోయిన నాలుక ఒక్కసారి లేచి కూర్చుంది. ఇంకొక్క క్షణం ఆ విస్తరి ముందు ఉంటే నా మాట పెరుగులో కలిసిపోతుందని అర్థమైంది. అంతే, టక్కున లేచి వెళ్లి చెయ్యి కడిగేసుకున్నాను.

తిరిగి చూస్తే ఎవరూ తినడం లేదు. వడ్డించే మనిషి గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ఇది తెలియనివాళ్ల కోసం చెబుతాను. సంబంధానికెళ్లి పెరుగన్నం దాకా కూర్చుంటే మాకు అన్నీ నచ్చాయని అర్థం. పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేస్తే మీతో మాకు కుదరదని నోరు విప్పకుండా చెప్పినట్టే. అదీ పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి లేస్తే ఇక మాటల్లేవు. ఇది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ క్షణంలో మాత్రం నాకు పెరుగు తప్ప ఇంకేమీ కనబడలేదు.

తాంబూలాల మాట ఎవరూ ఎత్తలేదు. రాంబాబు గారు గేటు దాకా వచ్చి చేతులు జోడించారు, మొహంలో నెత్తురు లేదు. కారెక్కాం. చేపల లారీ ఒకటి హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోతే, ఆ లారీ కింద పడినా బాగుండేదని మా అమ్మ గొణిగింది. ఎవరు పడాలో చెప్పలేదు కానీ నన్నే చూసింది.

మర్నాడు పొద్దున్నే పెదపాడు మావయ్య ఫోను.

"ఒరేయ్ సత్యం, ఏం వెలగబెట్టావురా అక్కడ? వాళ్లు వేరే సంబంధం చూసుకుంటామంటున్నారు!"

"ఎందుకు మావయ్యా?"

"మెతుకు ముట్టలేదుట, బూరె ముట్టలేదుట, పెరుగన్నం దగ్గర లేచిపోయావుట. అవన్నీ ఒక ఎత్తు. సోఫాలో దోసకాయ ఎందుకు పెట్టి వచ్చావురా?"

జేబు తడుముకున్నాను. నా కీరా లేదు. "అది జారిపోయిందేమో మావయ్యా."

"వాళ్ల నాయనమ్మ గారు అది చేతబడి ప్రయోగమేమోనని హడలిపోతున్నారు. బుట్ట బోర్లించి పెట్టారుట. ఎవర్నీ దగ్గరికి వెళ్లనివ్వడం లేదుట."

మధ్యాహ్నం భోజనాల వేళకి శ్రీను గదిలోంచి రాలేదు. వాడు నన్ను తిట్టలేదండీ, తిడితే బాగుండేది. నేనే కంచంలో అన్నం పెట్టుకుని వెళ్లాను.

"తినరా."

"వద్దన్నయ్యా. అది విషం అన్నావుగా."

అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా చేతి ముద్ద తప్ప తినేవాడు కాదు. కంచం పట్టుకుని వరండాలోకొచ్చి కూర్చుంటే కన్నీళ్లు ఆగలేదు. మా ఆవిడ వచ్చి కంచం అందుకుని, "పదండి ఆకివీడు" అంది. మావయ్యకి ఫోను చేస్తే ఆయనా అదే చెప్పాడు: "వెళ్లి ఆ పెరుగన్నం తిని రా. దీనికి వేరే మందు లేదు."

మర్నాడు ఇద్దరం వెళ్లాం. వాళ్ల వరండాలో ఓ మూల బుట్ట బోర్లించి, పైన రాయి పెట్టి ఉంది. నా కీరాకి జైలుశిక్ష పడిందన్నమాట. నాయనమ్మ గారు నన్ను కూర్చోమనలేదు, మంచినీళ్లు ఇవ్వమనలేదు.

"ఎందుకొచ్చావు నాయనా?"

"పెరుగన్నం తినడానికండీ" అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసి, లోపలికి కేకేశారు. కంచం వచ్చింది. అందులో అన్నం కుప్పగా ఉంది, పైన పెరుగు. మొన్న తిననిదానికి వడ్డీతో సహా పెట్టినట్టున్నారు. నాకు తోడుగా రాంబాబు గారినీ కూర్చోబెట్టి ఆయనకీ అంతే పెట్టారు. ఆయన కుప్ప చూసి గుటక వేశారు. నేనూ గుటక వేశాను. ఇద్దరం చేతులు కంచాల్లో పెట్టి, ఉరికంబం ఎక్కేవాళ్లలా ఒకరినొకరు చూసుకున్నాం.

మొదటి ముద్ద నోటి దాకా వెళ్లిందో లేదో, మా ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"ఆపండండీ! ఆయనకి షుగరు! అదంతా తింటే మళ్లీ కళ్లు తిరిగి పడిపోతారు!"

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను. ఇంతలో వంటింటి గుమ్మంలోంచి సుశీల గారు గరిటెతో సహా బయటికొచ్చారు.

"అయితే మా ఆయన్నీ ఆపమ్మా! ఈయనకీ షుగరే! మొన్న మీ ముందు మర్యాదకి మింగిన బూరెలకి మర్నాడంతా మంచం దిగలేదు!"

నేను ముద్ద దింపాను. రాంబాబు గారూ ముద్ద దింపారు.

"మీకూనాండీ?" అన్నాను.

"ఆయ్" అన్నారాయన సిగ్గుపడుతూ. "తెలిస్తే మా పిల్లని వద్దంటారేమోనని దాచానండీ. మరి మీరెందుకు చెప్పలేదు?"

"తెలిస్తే మావాడికి పిల్లనివ్వరేమోనని."

నాయనమ్మ గారు కొడుకుని చూశారు, నన్ను చూశారు, రెండు కుప్పలూ చూశారు. "వీళ్లకీ షుగరే, వాళ్లకీ షుగరే. ఇంతకంటే ఈడైన సంబంధం ఇంకెక్కడ దొరుకుతుందిరా?" అన్నారు.

అప్పటిదాకా తలుపు చాటున ఉన్న భవాని నవ్వుకుంటూ వచ్చింది. "నేను ఆరోజే చెప్పాను కదా నాన్నా! కూరలన్నీ ఊడ్చేసి అన్నాన్ని చూసి భయపడే మనిషి మనింట్లో ఒకరున్నారు, నాకు తెలియదా?"

"మరి ఆ దోసకాయో?" అన్నారు నాయనమ్మ గారు.

"మీ అబ్బాయి కారులో చూడండి నాయనమ్మా, ఎప్పుడూ ఒకటి ఉంటుంది."

రాంబాబు గారు తల వంచుకున్నారు. భవాని మా ఇద్దరి కంచాలూ తీసుకుని, కుప్పలన్నీ గిన్నెలోకి తోడేసి, చెరో గుప్పెడు అన్నం మాత్రం ఉంచింది. చుట్టూ బెండకాయ వేపుడూ, పొట్లకాయ కూరా పెట్టింది. "నాన్నకి మొదట్లో అమ్మ టీలో పంచదార తగ్గించింది, తర్వాత అన్నం తగ్గించింది. ఒక్కోటీ అలవాటయ్యాకే ఇంకోదాని జోలికెళ్లింది. చుట్టాలొచ్చినప్పుడే పాడవుతోంది. మీరు ఇది తినండి బావగారూ. పెరుగన్నం తిన్నట్టూ ఉంటుంది, మీకేమీ కాదు" అంది.

ఇంకా పెళ్లి కాలేదు, అప్పుడే బావగారూ అనేసింది! నాకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. ఆ గుప్పెడు పెరుగన్నం తిన్నాను. అమృతమండీ. తింటూ ఉంటే తాడేపల్లిగూడెం డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. ఆయన చెప్పిందీ ఇంతే కదా! ఈ గుప్పెడు మొన్నే తిని ఉంటే దోసకాయ జైలుకి వెళ్లేది కాదు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. తాళి కట్టినప్పుడు చుట్టాలు సగంమంది సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు కానీ, భోజనాల దగ్గర నాకు పెరుగు వడ్డించేసరికి రెండు వైపుల వాళ్లూ నా చుట్టూ మూగారు. వీడియో అతను లైటు పట్టాడు. నాయనమ్మ గారు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను ముద్ద నోట్లో పెట్టుకోగానే వెనకనుంచి మా శ్రీను "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు. ఆ సన్నాయి వాళ్లు నిజమే అనుకుని వాయించేశారు.

ఇన్నేళ్లయినా అదే పద్ధతి నడుస్తోంది. కూర ఎక్కువ, అన్నం గుప్పెడు, పొద్దున్నే చేలగట్ల మీద నడక. కొర్రలు కూడా అప్పుడప్పుడూ తింటాను, బలవంతం లేదు కాబట్టి రుచిగానే ఉంటున్నాయి. పిచికల గింజలన్న మా అమ్మే ఇప్పుడు శనివారం వస్తే కొర్ర ఉప్మా ఏదని అడుగుతోంది. షుగరు అదుపులో ఉంది. టీకొట్టు దగ్గర ఉపన్యాసాలు మానేశాను, నేను కనబడగానే కీరా కావాలాండీ అని అడగడం మాత్రం వాళ్లు మానలేదు.

కాబట్టి మీ అందరి ఎదుటా, గేదెపాల పెరుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఊరు వెళ్లినా, ఎవరింట్లో కూర్చున్నా, పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేవను గాక లేవను. ఎంత తినాలన్నది మాత్రం నన్ను అడక్కండి, గరిటె మా మరదలి చేతిలో ఉంది.